ఐదు వందల గంటలు

1996 జూన్‌లో ఒక సోమవారం ఉదయం విశాఖపట్నంలోని ఒక ధర్మాసుపత్రి మందుల గదిలో నేను అడుగుపెట్టినప్పుడు, అక్కడి పెద్ద ఫార్మసిస్టుగారు నన్ను కూర్చోమనలేదు, మార్కుల జాబితా చూపమనలేదు. అలమారలోంచి గోధుమరంగు గాజు సీసా ఒకటి తీసి, మూత విప్పి, నా చేతికిచ్చి వాసన చూడమన్నారు. అది ఆస్పిరిన్ సీసా. మాత్రలు తెల్లగా, గుండ్రంగా, చెక్కు చెదరకుండా ఉన్నాయి గాని, ముక్కు దగ్గర పెట్టుకోగానే వెనిగర్ ఘాటు గుప్పుమంది. గాలిలోని తేమ సోకితే ఆస్పిరిన్ సాలిసిలిక్ ఆమ్లంగానూ అసిటిక్ ఆమ్లంగానూ విడిపోతుందని అంతకు రెండు నెలల ముందే పరీక్షలో సమీకరణంతో సహా రాసి వచ్చాను. ఆ సమీకరణానికి వాసన ఉంటుందని మాత్రం అప్పటిదాకా నాకు తోచలేదు.

"మనది సముద్రం ఒడ్డునున్న ఊరమ్మా. ఇక్కడ మనుషుల కంటే ముందు మందులకు జబ్బు చేస్తుంది. రోజూ పొద్దున్నే వాటిని పలకరించాలి" అన్నారాయన. ఆ సీసాలోని మాత్రలు లెక్కపెట్టి, రిజిస్టరులో రాసి, వాడకానికి పనికిరానివాటి పెట్టెలో వేయడం నా ఐదు వందల గంటల శిక్షణలో మొదటి గంట పని.

డి.ఫార్మసీ చదివినవారికి ఈ లెక్క వేరే చెప్పనక్కరలేదు. రెండేళ్ల తరగతులు, పరీక్షలు ముగిశాక, మూడు నెలలకు తగ్గకుండా 500 గంటలపాటు ఆసుపత్రిలోనో మందుల దుకాణంలోనో రిజిస్టర్డ్ ఫార్మసిస్టు కింద పని నేర్చుకోవాలని, అందులో కనీసం 250 గంటలు చీటీ చూసి మందులివ్వడంలోనే గడపాలని 1991 నాటి విద్యా నిబంధనలు చెప్పేవి. అది పూర్తయితే గాని డిప్లొమా చేతికి రాదు. డిప్లొమా చూపితే గాని రాష్ట్ర ఫార్మసీ కౌన్సిల్‌లో పేరు నమోదు కాదు. మాతో చదివినవారిలో కొందరు ఆ మూడు నెలలను ఎవరిచేతనో సంతకం పెట్టించుకునే తతంగంగానే చూశారు. వారిని తప్పుపట్టే ఉద్దేశం నాకు లేదు, ఎందుకంటే తరగతి గదిలో మాకెవరూ దాని విలువ చెప్పలేదు. నేను మాత్రం ఈ వృత్తిలో పనికొచ్చినదంతా ఆ గదిలోనే నేర్చుకున్నానని ఇప్పటికీ అనుకుంటాను.

మా నాన్నగారు పోర్టులో గుమాస్తా. ఇంటరులో బైపీసీ తీసుకున్న పిల్లలున్న ప్రతి ఇంట్లోలాగే మా ఇంట్లోనూ ఎంబీబీఎస్ అనుకున్నారు. ఎంసెట్ ర్యాంకు ఆ ఆశకు చాలా దూరంలో ఆగిపోయింది. 1923 నుంచి ఉన్న ఆంధ్ర వైద్య కళాశాల మీదుగా సైకిలు వెనక కూర్చోబెట్టుకుని నన్ను తీసుకువెళ్లినప్పుడల్లా ఆయన మాట్లాడకుండా తొక్కేవారు. మా మేనమామకు కేజీహెచ్ దిగువన ఉన్న మందుల షాపుల్లో ఒకదానిలో లెక్కలు రాసే పని ఉండేది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి, పాడేరు, అరకు వైపు నుంచి, ఒడిశా కొరాపుట్ నుంచి కింగ్ జార్జి ఆసుపత్రికి వచ్చినవారు చీటీలు పట్టుకుని అటే దిగుతారు. ఆ జనాన్ని రోజూ చూసే మావయ్యే ఒక రాత్రి భోజనాల దగ్గర నాన్నగారితో, "డాక్టరుగారు రాస్తారు, బాగానే ఉంది. రాసినది మనిషి నోట్లో సరిగ్గా పడేదాకా చూసేవాళ్లు ఒకరుండాలి కదా బావా" అన్నాడు. డి.ఫార్మసీలో చేరడానికి ఆ ఒక్క మాటే కారణం.

కళాశాలలో అన్నిటికంటే నాకు ఇష్టమైన పాఠం ఫార్మసీ చట్టాలది. చోప్రా అధ్యక్షతన 1930-31లో ఔషధాల విచారణ సంఘం కూర్చోవడం, 1932లో బనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో మహాదేవ లాల్ ష్రాఫ్ ఫార్మసీ చదువుకు పునాది వేయడం, 1940లో ఔషధాల చట్టం, 1948లో ఫార్మసీ చట్టం రావడం, ఇవన్నీ కథలాగా చదివేదాన్ని. మన ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో 1951లోనే ఫార్మసీ విభాగం మొదలైందని తెలిసి, వాల్తేరు మెట్ట మీదికి బస్సులో వెళ్లినప్పుడు ఆ భవనాల వైపు ప్రత్యేకంగా చూసేదాన్ని. 1948 చట్టానికి ముందు ఈ దేశంలో మందు కలిపి ఇచ్చే పనికి ఏ చదువూ తప్పనిసరి కాదు. అప్పటికే ఐదేళ్లు ఆసుపత్రుల్లోనూ డిస్పెన్సరీల్లోనూ కాంపౌండర్లుగా చేసినవారికి మొదటి రిజిస్టరులో చోటు కల్పించిన చట్టం, ఆ తరవాత వచ్చేవారికి చదువును షరతుగా పెట్టింది. మా పెద్దాయన ఆ రెండు కాలాల మధ్య నిలిచిన మనిషి. కాంపౌండరు శిక్షణతో సర్కారు డిస్పెన్సరీలో చేరి, ఫార్మసిస్టుగా పదవీ విరమణ చేసి, ధర్మాసుపత్రికి వచ్చారు. రోగులందరికీ ఆయన కాంపౌండరుగారే, నాకు గురువుగారు.

ప్రయోగశాలలో నా ఎమల్షన్, అంటే నూనె, నీరు విడిపోకుండా కలిపి చేసే మందు, ఎప్పుడూ విరిగిపోయేది. నూనె నాలుగు పాళ్లు, నీరు రెండు పాళ్లు, తుమ్మబంక పొడి ఒక పాలు అనే లెక్క నాకు కంఠతా వచ్చు. అయినా నూనె పైకి తేలేది. ఈ సంగతి విని గురువుగారు ఒక మధ్యాహ్నం, రోగులు తగ్గిన వేళ, కల్వం కడిగి, గుడ్డతో తుడిచి, కాసేపు ఎండలో పెట్టించారు. "చెమ్మ ఉన్న కల్వంలో బంక ముందే ఉండలు కడుతుంది" అన్నారు. ఆముదంలో పొడి వేసి మెత్తగా కలిపాక, కొలిచిన నీళ్లు చుక్కచుక్కగా కాకుండా ఒక్కసారిగా పొయ్యమన్నారు. తరవాత చేయి ఆపకుండా, దిక్కు మార్చకుండా, మణికట్టు మాత్రమే తిప్పుతూ నూరమన్నారు. రెండు నిమిషాలకు కల్వంలోని ముద్ద తెల్లబడి చిక్కనైంది. పొత్రం తిరిగినప్పుడల్లా అంచుల దగ్గర చిటచిటమని సన్నని చప్పుడు మొదలైంది. ఆయన కళ్లు మూసుకుని వింటున్నారు. "ఇదిగో, ఇప్పుడు కుదిరింది" అన్నారు. ఆ చప్పుడు వచ్చేదాకా మిగిలిన నీరు చేర్చకూడదని పుస్తకంలో ఉన్న వాక్యం నేను ఎన్నోసార్లు చదివాను. చెవితో చదవడం ఆ రోజే వచ్చింది.

నిజానికి అప్పటికే మిక్చర్ల కాలం వెళ్లిపోయింది. స్ట్రిప్పులు, సీల్ సీసాలు వచ్చి, మందు కలపడమనేది ఫార్మసిస్టు పనిలో చిన్న భాగమైపోయింది. అయినా ధర్మాసుపత్రి కాబట్టి, కడుపుబ్బరానికి మిక్చరు, దురదకు కాలమైన్ లోషన్, పిల్లలకు పొడి పొట్లాలు అక్కడే తయారయ్యేవి. సీసాలో అరకు పోశాక గురువుగారు ఒక కాగితం ముక్కను మందు ఎత్తుకు సమంగా కత్తిరించి, ఎన్ని మోతాదులో అన్ని మడతలు పెట్టి, మడతల చివర్లలో కత్తెరతో చిన్న గాట్లు కోసి, మైదా జిగురుతో సీసా పక్కన అతికించేవారు. గాటు నుంచి గాటు దాకా ఒక పూట మందు. చెంచాలు లేని ఇళ్లకు, అక్షరాలు రాని చేతులకు ఆ రంపపు పళ్ల కాగితం కొలత చెప్పేది. ఆ కత్తిరింపు నాకు వంకరగా వస్తే అదే సీసాకు మూడు సార్లు అతికించిన రోజులున్నాయి. ఆయన ఎన్నడూ విసుక్కోలేదు.

మాత్రల కవర్ల మీద మేం అక్షరాలకు బదులు బొమ్మలు గీసేవాళ్లం: కొండ వెనక సగం సూర్యుడు పొద్దుటికి, నిండు సూర్యుడు మధ్యాహ్నానికి, చంద్రవంక రాత్రికి. బొమ్మ కింద గీతలు ఎన్నుంటే అన్ని బిళ్లలు. కవరు ఇచ్చాక, వాళ్ల చేతనే తిరిగి చెప్పించాలని ఆయన పట్టుబట్టేవారు. ఏజెన్సీ నుంచి వచ్చిన ఒక ముసలమ్మ చంద్రవంకను చూపించి, "ఇది అమాస దాకానేనా బాబూ?" అని అడిగింది. ఆ ప్రశ్న వినకపోయి ఉంటే ఆమె నెలలో ఎన్ని రాత్రులు మందు మానేసేదో. ఆ మర్నాటి నుంచి చంద్రవంక పక్కన చాప మీద పడుకున్న మనిషి బొమ్మ కూడా గీయడం మొదలుపెట్టాం.

ఇక నేను చేసిన తప్పు సంగతి చెప్పాలి. జూలై చివరి వారంలో, వాన పడుతున్న ఒక సాయంత్రం, క్లోర్‌ప్రోమజైన్ 100 ఎంజీ అని రాసిన చీటీ నా చేతికొచ్చింది. మానసిక వ్యాధికి ఇచ్చే మందు అది. అలమారలో అక్షరక్రమంలో దాని పక్కనే క్లోర్‌ప్రోపమైడ్ 100 ఎంజీ డబ్బా ఉండేది, అది మధుమేహానికి. డాక్టరుగారి రాతలో పేరు చివరి భాగం గీతగా సాగిపోయింది. ఎంజీ సరిపోయింది, గడువు ఉంది, నేను పది బిళ్లలు లెక్కపెట్టి కవరులో వేశాను. గురువుగారు కిటికీ దగ్గరికి వచ్చి, కవరు మీద చేయి వేసి, అవతల నిలబడ్డ ఆవిడను అడిగారు.

"ఈ మందు ఎవరికమ్మా?"

"మా ఆయనకి బాబూ. రాత్రిళ్లు నిద్దరపోడు. ఎవులో పిలుస్తన్నారని లేచి ఎలిపోతాడు."

"సుగర్ ఉందా ఆయనకి?"

"సుగరేటి బాబూ, అలాటిదేటీ నేదు."

ఆయన కవరు విప్పి బిళ్లలను అరచేతిలో పోసుకుని నాకు చూపించారు. నా చేతులు చల్లబడ్డాయి. క్లోర్‌ప్రోపమైడ్ శరీరంలో ఒక రోజుకు మించి పనిచేస్తుంది. సుగర్ లేని మనిషికి, అందులోనూ సరిగా తిండి తినని మనిషికి రాత్రిపూట అది పడితే రక్తంలో చక్కెర పడిపోయి తెల్లారేసరికి స్పృహ ఉండకపోవచ్చు. ఆయన నన్ను ఆవిడ ముందు ఏమీ అనలేదు. సరైన మందు తీయించి, నా చేతనే మళ్లీ లెక్కపెట్టించి, నా చేతనే ఇప్పించారు. గది తలుపు మూసే వేళకు ఒక డబ్బాను అక్కడి నుంచి తీసి కింది అరలో పెట్టి, దానికి ఎర్ర కాగితం అంటించి, అప్పుడన్నారు: "పేరు, ఎంజీ, గడువు చూశావు. మనిషిని చూడలేదు. పేరు, ఎంజీ, గడువు, మనిషి. ఈ నాలుగూ ఈ వరసలో. మూడు సరిపోయినా మందు ఇచ్చినట్టు కాదమ్మా." ఆ రాత్రి నేను అన్నం తినలేదు. ఆవిడ ముఖం, భుజం మీద తడిసిన చెంగు నాకు ఇప్పటికీ గుర్తున్నాయి.

శిక్షణ ముగిసి, గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో నాన్నగారితో హైదరాబాదు వెళ్లి కౌన్సిల్‌లో పేరు నమోదు చేయించుకుని వచ్చిన నెలలోపే, మా ఊళ్లోని ఒక మందుల షాపు యజమాని ఇంటికి వచ్చాడు. నేను రానక్కరలేదట, నా సర్టిఫికెట్ గోడకు తగిలిస్తే చాలట, నెలనెలా డబ్బు ఇంటికే పంపుతాడట. అప్పుడు అక్క పెళ్లి అప్పులున్నాయి. రిజిస్టర్డ్ ఫార్మసిస్టు కానివారు చీటీ మీద మందులిస్తే ఆరు నెలల వరకు జైలు, వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చని ఫార్మసీ చట్టం 42వ సెక్షన్ అప్పట్లో చెప్పేదని నాకు తెలుసు. అయినా ఊరంతా ఇలాగే జరుగుతోంది కదా అన్న ఆలోచన రాకపోలేదు. గురువుగారి దగ్గరికి వెళ్లి అడిగాను. ఆయన చట్టం ఊసెత్తలేదు. "ఆ చీటీ ఆ షాపుకు వస్తే, ఎవరికమ్మా అని అడిగేదెవరు?" అన్నారు. నేను కాదన్నాను. ఇంట్లో కొన్నాళ్లు మాటలు తగ్గాయి. ఆ డబ్బు కంటే కొంచెం ఎక్కువ జీతానికి, రోజుకు పది గంటలు నిలబడే ఉద్యోగంలో చేరాను. ఈనాటికీ గోడ మీద ఒకరి పేరు, కౌంటరు వెనక మరొకరి చేతులు కనబడిన షాపులో నేను మందు కొనను.

2003లో మద్దిలపాలెంలో మా వారూ నేనూ సొంత షాపు పెట్టుకున్నాం. రెండేళ్లకు విజయనగరం వైపు పల్లె నుంచి పదో తరగతి చదివిన కుర్రాడు ఒకడు సాయానికి చేరాడు. అట్టపెట్టెలు విప్పడం, ర్యాకులు సర్దడం, గడువు దగ్గరపడ్డవి ముందుకు జరపడం, బిల్లు కొట్టడం ఏడాదిలో నేర్చుకున్నాడు. గురువుగారి నాలుగు మాటలు వాడికీ వల్లె వేయించాను. మందు మాత్రం నేను చూడకుండా కౌంటరు దాటేది కాదు. వాడి చురుకు చూసినప్పుడల్లా ఒక సంగతి నన్ను బాధించేది. ఇలాంటి కుర్రాళ్లు ఈ ఊళ్లో ప్రతి షాపులోనూ ఉన్నారు. వాళ్లకు ఒక పేరు లేదు, పదవి లేదు, నేర్పే పద్ధతి లేదు. మా అన్నయ్య కోడలు ఇక్కడ బి.ఫార్మసీ చదివి అమెరికా వెళ్లి, ఫార్మసీ టెక్నీషియన్‌గా చేస్తోంది. 2003 తరవాత పట్టా పుచ్చుకున్నవారికి కనీసం ఐదేళ్ల ఫార్మసీ చదువు ఉంటే గాని అక్కడ ఫార్మసిస్టు పరీక్షలకు దారి లేదట, మన బి.ఫార్మసీ నాలుగేళ్లే. ఆ పిల్ల చీటీలోని వివరాలు కంప్యూటరులో ఎక్కించడం, బిళ్లలు లెక్కపెట్టడం, లేబుల్ అంటించడం, ఇన్సూరెన్సు చూడడం చేస్తుంది. చివరిసారి సరిచూసి రోగికి సలహా చెప్పేది ఫార్మసిస్టు. ఆ టెక్నీషియన్ పనికీ అక్కడ శిక్షణ, పరీక్ష, ధ్రువపత్రం ఉన్నాయి. ఫోనులో ఆ అమ్మాయి చెబుతుంటే నా కళ్లముందు మా కుర్రాడే మెదిలాడు. వాడు చేస్తున్నది సరిగ్గా అదే పని. వాడి చేతిలో ఉన్నది పదో తరగతి మార్కుల కాగితం.

2014 అక్టోబరు 12న, ఆదివారం నాడు హుద్‌హుద్ తుపాను వచ్చింది. షాపు బోర్డు ఎగిరిపోయింది, ముందు గది తడిసింది. అది పెద్ద నష్టం కాదు. కరెంటు పోయింది, ఫ్రిజ్ నిండా ఇన్సులిన్ ఉంది. మర్నాడు కూలిన చెట్ల మధ్య నుంచి సైకిలు మోసుకుంటూ వచ్చిన కుర్రాడు, నేను చెప్పకముందే ఫిషింగ్ హార్బర్ వైపు వెళ్లి, ఎక్కడ సంపాదించాడో ఒక గోనెలో ఐసు తెచ్చాడు. థర్మోకోల్ పెట్టెలో అడుగున ఐసు, దాని మీద నాలుగు మడతల పాత తువ్వాలు, ఆపైన అట్ట, ఆపైన ఇన్సులిన్ సీసాలు పేర్చాడు. గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగినా పనికిరాదని, ఐసుకు తగలనివ్వకూడదని ఎప్పుడో ఒకసారి నేను చెప్పిన మాట గుర్తుంచుకున్నాడు. ఆ వారమంతా జనం ఇన్సులిన్ సీసాలను తడిగుడ్డల్లో చుట్టుకుని ఏడుపు ముఖాలతో వచ్చేవారు. వాడుతున్న సీసా ఎండ తగలకుండా చల్లటి చోట ఉంటే నాలుగు వారాల దాకా పనిచేస్తుందని, మట్టికుండ ఉంటే ఇసుక పోసి తడిపి అందులో చిన్న గిన్నెలో పెట్టుకోమని ఒక్కొక్కరికీ చెప్పాను. అమ్మకం దాదాపు లేని ఆ వారంలో చేసినంత ఫార్మసిస్టు పని నేను మరెప్పుడూ చేయలేదేమో.

అదే ఏడాది మార్చి నుంచి హెచ్1 షెడ్యూలు, అంటే కొన్ని యాంటీబయాటిక్‌లు, టీబీ మందులు, మత్తు కలిగించే మందుల జాబితా, అమలులోకి వచ్చి, అందులోని మందులకు రాసిన డాక్టరు పేరు, రోగి పేరు, మందు, ఎన్ని ఇచ్చామన్నది విడిగా రిజిస్టరులో రాసి మూడేళ్లు దాచాల్సి వచ్చింది. తోటి షాపులవాళ్లు విసుక్కున్నారు. నాకు ఆ రిజిస్టరులోని రోగి పేరు గడి నింపుతుంటే గురువుగారి నాలుగో మాట చట్టంలోకి ఎక్కినట్టనిపించింది. ఆయన అప్పటికి లేరు.

కుర్రాడిని ఓపెన్ స్కూలులో ఇంటరు కట్టమని, తరవాత డి.ఫార్మసీ చదవమని, ఫీజు మేం చూసుకుంటామని మా వారు ఎంత చెప్పినా, వాడి ఇంటి పరిస్థితి ఆగనివ్వలేదు. 2016లో గాజువాకలో కాంట్రాక్టు పనికి వెళ్లిపోయాడు. పదకొండేళ్ల అనుభవం ఎక్కడా చూపుకోవడానికి వీలులేకుండా పోయింది. అడ్డుపడే హక్కు నాకు లేదు.

మొన్న ఆదివారం ఫోను చేశాడు. వాళ్లమ్మకు బీపీ మందు మార్చారట, అక్కడి షాపులో ఇచ్చిన స్ట్రిప్పు చేతిలో పట్టుకుని చదువుతున్నాడు. మందు పేరు ఒక్కొక్క అక్షరం విడివిడిగా చెప్పాడు. ఎంజీ చెప్పాడు. స్ట్రిప్పు తిరగేసిన చప్పుడు వినబడింది, గడువు చెప్పాడు. ఒక్క క్షణం ఆగి, "మా అమ్మకేనండి" అన్నాడు.